ఆడం స్మిత్ ఆ మాట అనలేదు

సంపాదకులు గారికి,

పది రోజుల కిందట మీ విద్యా పేజీలో గ్రూప్స్ అభ్యర్థుల కోసం వేసిన ‘విలువ, పంపిణీ సిద్ధాంతాలు’ పాఠం గురించి ఈ ఉత్తరం. ఆ రోజే రాయబోతే, కోపంలో రాసింది ఎవరూ అచ్చెయ్యరని మా ఆవిడ ఆపింది. కోపం తగ్గుతుందేమోనని చూశాను. తగ్గలేదు.

ఆ పాఠం చెప్పిన కథ ఇదీ. పూర్వం కొందరు అమాయకులు వస్తువు విలువ శ్రమను బట్టి ఉంటుందనుకున్నారు, ఆ సిద్ధాంతం మార్క్స్ కనిపెట్టాడు, అది తప్పని తేలాక డిమాండు, సప్లయి వచ్చాయి. ఇక ఎవరి ఉత్పాదకతకు తగ్గ ప్రతిఫలం వాళ్ళకు అందుతుందని ఆడం స్మిత్ 1776లోనే నిరూపించేశాడట! పంపిణీనే అసలు ప్రశ్న చేసుకున్న ఇంగ్లండు అర్థశాస్త్రవేత్త రికార్డో పేరు ఆ అరపేజీ పాఠంలో ఒక్కచోట కూడా లేదు. రికార్డో లేని పంపిణీ పాఠం పెళ్ళికొడుకు పేరు లేని శుభలేఖ.

స్మిత్ దగ్గరికే వద్దాం. వేటగాళ్ళ సమాజంలో ఒక బీవర్‌ని (నీళ్ళ ఒడ్డున ఉండే ఒక జంతువు) కొట్టడానికి జింకకి పట్టే శ్రమకు రెట్టింపు పడితే, ఒక బీవర్‌కి రెండు జింకలు ఇవ్వాలి అని 1776 నాటి ‘వెల్త్ ఆఫ్ నేషన్స్’లో రాసింది ఆయనే. అప్పటికి మార్క్స్ పుట్టడానికి ఇంకా 42 ఏళ్ళు ఉంది. భూస్వాములు తాము విత్తని చోట కోసుకోవడానికి ఇష్టపడతారని అదే పుస్తకంలో ఉంది. కూలీలు కూడబలుక్కుంటే అందరికీ తెలుస్తుంది, యజమానులు కూడబలుక్కోరనుకునేవాడికి లోకం తెలియదని కూడా ఉంది. మీ పాఠం ఆయన నోట్లో పెట్టిన మాట అమెరికా అర్థశాస్త్రవేత్త జె.బి. క్లార్క్‌ది, అదీ 1899లో. 123 ఏళ్ళ తేడా. క్రికెట్ స్కోరులో ఒక్క పరుగు తప్పు పడితే మర్నాడే సవరణ వేసే పత్రిక మీది.

రికార్డో 1817లో ముందుమాటలోనే తేల్చి చెప్పాడు: పండినదంతా భాటకం, లాభం, వేతనాలుగా ఎలా పంచుకుపోతుందో ఆ సూత్రాలు కనుక్కోవడమే ఈ శాస్త్రం అసలు పని అని. (భాటకం అంటే ఏమిటని మా వీధి కుర్రాడు అడిగాడు. అద్దెరా బాబూ, పాఠ్యపుస్తకం కదా, అలాగే అంటుంది.) అప్పట్లో ఇంగ్లండులో గోధుమ దిగుమతులను అడ్డుకునే 1815 నాటి ధాన్యం చట్టాల మీద పెద్ద గొడవ. భూమికి అద్దె ఎక్కువ కాబట్టి ధాన్యం ధర పెరగలేదు, ధాన్యం ధర పెరిగింది కాబట్టే అద్దె పెరిగిందన్నాడాయన. తాను భూములు కొనుక్కుని కూడా భూస్వాములకు గిట్టని మాట రాశాడు. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర టిఫిన్ హోటల్ ఆయన ‘షాపు అద్దె పెరిగింది, అందుకే ఇడ్లీ రేటు పెంచాం’ అన్నప్పుడల్లా నాకు ఈ మాటే గుర్తొస్తుంది. ఆ చోట ఇడ్లీ ఏ రేటుకైనా చెల్లుతుంది కాబట్టే నీ ఓనరు అద్దె పెంచాడయ్యా అనాలనిపిస్తుంది. అనను. చట్నీ రెండోసారి వెయ్యడు.

1871లో జెవన్స్, మెంగర్, 1874లో వాల్రాస్ అనే అర్థశాస్త్రవేత్తలు వచ్చి ఉపాంత ప్రయోజనం అన్నారు, అంటే ఇంకొక్కటి అదనంగా దొరికితే కలిగే ప్రయోజనాన్ని బట్టే విలువ అని. నీళ్ళు ఎందుకు చవక, వజ్రం ఎందుకు ఖరీదు అన్న చిక్కు విప్పారు. నేను కాదనను, ముప్పై ఏళ్ళు అదే బోర్డు మీద గీసి చెప్పినవాణ్ణి. కానీ అది ఎవరి వాటా ఎంత అన్న పాత ప్రశ్నకి జవాబు కాదు, ధర ఎంత అని ప్రశ్నే మారిపోయింది.

నమ్మకపోతే తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కి రండి. అయిదింటికి వేలంలో ఒక రేటు పలికిన కానాగంతల తట్ట, ఇంకో నాలుగు బోట్లు ఒడ్డుకు చేరేసరికి దిగిపోతుంది. పట్టినవాడి శ్రమేమీ తగ్గలేదు. ఇక్కడిదాకా డిమాండు, సప్లయి అంటే నేనూ తలూపుతాను. వేలం అయ్యాక జరిగే లెక్క చూడండి. ముందు డీజిల్ డబ్బులు, ఐసు డబ్బులు, బోటులోకి ఎక్కించిన బియ్యం పప్పుల డబ్బులు తీసేస్తారు. మిగిలినదాంట్లో ఓనరుకి ఇంత, డ్రైవరుకి ఇంత, కళాసీలకి ఇంత. ఆ ‘ఇంత’ ఎంతో ఏ వేలంపాటలోనూ తేలదు. ఎప్పటినుంచో వస్తున్న కట్టుబాటు, ఎవరు ఎవరి దగ్గర అడ్వాన్సు తీసుకున్నారు, ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట ఆగితే ఎవరు తట్టుకోగలరు, ఇవి తేలుస్తాయి. క్లార్క్ చెప్పినట్టు వల లాగేవాళ్ళలో ఒకణ్ణి దించేసి, ఎన్ని చేపలు తగ్గాయో చూసి వాడి కూలి లెక్కకట్టిన ఓనర్ని నేనింకా చూడలేదు. ఖర్చు పోగా మిగిలింది ఎక్కడికి పోతుందనే ఫ్రాన్సులో కెనే అనే అర్థశాస్త్రవేత్త 1758లో పట్టిక గీశాడు. రికార్డో తల బద్దలు కొట్టుకున్నదీ దీనికోసమే.

రికార్డో నడిచిన ఆ దారిని మళ్ళీ తెరిచిన అర్థశాస్త్రవేత్త స్రాఫా పేరు కూడా మీ పాఠంలో లేదు. కూలి, లాభం వాటాల్లో ఏదో ఒకటి ముందు తెలిస్తేగాని ధరలు తేలవని 1960లో వంద పేజీలైనా లేని పుస్తకంలో చూపించాడు. దాని కోసం మూడు దశాబ్దాలు కూర్చున్నాడు. రికార్డో రచనల సంపుటాల పని 1930లో ఒప్పుకుంటే మొదటివి 1951లో బయటికొచ్చాయి. మీ పాఠం రాసినాయన ఎంతసేపు కూర్చున్నాడో అడగను. అందులో రెండు పేరాలు ఒక కోచింగ్ సెంటర్ నోట్సులో అక్షరం మారకుండా ఉన్నాయని మాత్రం చెప్పగలను. జిరాక్సు షాపులో చూశాను.

అయినా ఒక్క మిమ్మల్నే అని ఏం లాభం? 1930 నుంచి యూనివర్సిటీ ఉన్న ఊరిది. నేను పనిచేసిన కాలేజీలో ఎకనామిక్స్ గ్రూపు సీట్లు నిండలేదని ఎత్తేశారు. లైబ్రరీలో ఆ బీరువా తాళం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. అడిగితే ‘ఆన్‌లైన్‌లో ఉంటాయి కదా సార్’ అన్నారు. పరీక్ష పెట్టేవాళ్ళు బిట్లు అడుగుతారు, పిల్లలు బిట్లు బట్టీ పడతారు. మా వీధి కుర్రాడు మీ పాఠం కత్తిరించి నోట్సులో అంటించుకున్నాడు. తప్పురా అంటే, ‘కీలో అదే ఇస్తారు మాస్టారూ, మీరు టెన్షన్ పెట్టకండి’ అన్నాడు.

సవరణ వేస్తే ఆ విద్యా పేజీలోనే, అంతే అక్షరాల్లో వేయండి. పోయినసారిలా పెళ్ళి సంబంధాల ప్రకటనల కింద వద్దు.

— ఒక విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకుడు, పెదవాల్తేరు, విశాఖపట్నం