ఫోర్క్‌ను బొమ్మలో కాదు, ల్యాబ్‌లో చూపించాలి

సంపాదకులకు,

ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠంలో ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) అనగానే బోర్డు మీద ఐదు సున్నాలు చుట్టి, బాణాలు గీసి, ఆ స్థితుల పేర్లు బట్టీ పట్టిస్తున్నారు. పరీక్షకు అది చాలు. కానీ ఉన్న ప్రాసెస్ (పేరెంట్)కు నకలుగా కొత్త ప్రాసెస్ (చైల్డ్)ను పుట్టించే ఫోర్క్‌ను ఒకసారి పిలిస్తే రెండు చోట్ల తిరిగొస్తుందన్న సంగతి ఆ బొమ్మలో కనబడదు. పేరెంట్‌కు చైల్డ్ పిఐడి (ప్రాసెస్ నంబరు) అందుతుంది, చైల్డ్‌కు 0. ఫోర్క్ కుదరకపోతే పేరెంట్‌కు -1 వస్తుంది, చైల్డ్ అసలు పుట్టదు.

వరసగా మూడు ఫోర్క్‌లు రాసి, మొత్తం ఎన్ని ప్రాసెస్‌లవుతాయో ముందు కాగితం మీద వేయించాలి. 4 అనేవాళ్లు తప్పకుండా ఉంటారు. జవాబు 8. రెండో ఫోర్క్‌ను పేరెంట్ ఒక్కటే కాదు, అప్పటికే పుట్టిన చైల్డ్ కూడా నడుపుతుంది మరి. లూప్‌లో ఫోర్క్ పెట్టించే ముందు మాత్రం యూలిమిట్ కమాండ్‌తో ప్రాసెస్‌ల సంఖ్యకు హద్దు పెట్టకపోతే మెషీన్ బిగుసుకుపోతుంది.

ఇంకో చిక్కు. ఫోర్క్‌కు ముందు ప్రింట్ఎఫ్‌తో ఒక లైను రాస్తే టెర్మినల్‌లో ఒకసారే పడుతుంది. అదే అవుట్‌పుట్‌ను ఫైల్లోకి మళ్లిస్తే రెండుసార్లు! టెర్మినల్‌కైతే లైను పూర్తవగానే బఫర్ (బయటికి వెళ్లే ముందు అక్షరాలు ఆగే తాత్కాలిక మెమరీ) ఖాళీ అవుతుంది. ఫైలుకైతే అక్షరాలు బఫర్‌లోనే ఉండిపోయి, ఫోర్క్‌తో పాటు చైల్డ్‌కూ కాపీ అవుతాయి. ఫోర్క్‌కు ముందు, బఫర్‌ను ఖాళీ చేసే ఎఫ్‌ఫ్లష్ పిలిస్తే తీరిపోతుంది.

ప్రాసెస్‌లోకి మరో ప్రోగ్రామ్‌ను ఎక్కించే ఎగ్జెక్ విషయంలో చేసే తప్పు ఒక్కటే, దాని కింద ఎగ్జిట్ రాయకపోవడం. ఎగ్జెక్ విఫలమైతే చైల్డ్ కాస్తా పేరెంట్ కోడ్‌లోకి జారిపోతుంది. విద్యార్థి రాసిన చిన్న షెల్ (కమాండ్లు తీసుకుని నడిపే ప్రోగ్రామ్)లో తప్పు కమాండ్ కొట్టాక ఎగ్జిట్‌ను రెండుసార్లు కొట్టాల్సి రావడం ఇందువల్లే.

ముగింపు పాఠానికి జాంబీని (ముగిసినా ప్రాసెస్ టేబుల్‌లో మిగిలిపోయిన చైల్డ్‌ను) మించిన ఉదాహరణ లేదు. చైల్డ్ వెంటనే ఎగ్జిట్ కావాలి, పేరెంట్ చైల్డ్ ఎగ్జిట్ స్థితిని తీసుకునే వెయిట్ పిలవకుండా 60 సెకన్లు స్లీప్‌లో ఉండాలి. ఈలోగా మరో టెర్మినల్‌లో ప్రాసెస్‌ల జాబితా చూపే పీఎస్‌ను aux ఆప్షన్లతో కొడితే చైల్డ్ పక్కన జెడ్ అనీ, డిఫంక్ట్ అనీ కనిపిస్తుంది. ప్రాసెస్‌ను బలవంతంగా చంపే కిల్ -9 కొట్టించండి, కదలదు. చచ్చినదాన్ని మళ్లీ ఏం చంపుతాం? మెమరీ ఎప్పుడో వదిలేసింది, ప్రాసెస్ టేబుల్‌లో ఎగ్జిట్ స్థితి ఉన్న వరస మాత్రం మిగిలింది. పేరెంట్ వెయిట్ పిలిచాకో, పేరెంటే పోయి మామూలుగా 1వ నంబరు ప్రాసెస్ దత్తత తీసుకున్నాకో అది చెరుగుతుంది. ఆర్ఫన్‌ను (పేరెంట్ పోయిన చైల్డ్‌ను) దీనితో కలిపేయకూడదు, అది బతికే ఉంటుంది.

లినక్స్‌లో ఎగ్జిట్ 3తో ముగిసిన చైల్డ్ స్థితిని నేరుగా ప్రింట్ చేస్తే 768 వస్తుంది. ఆ కోడ్ కింది 16 బిట్లలో పై 8 బిట్లలో కూర్చుంటుంది కాబట్టి, దాన్ని తీయడానికి ఇచ్చిన మాక్రో వాడాలి.

ప్రశ్నపత్రంలో ‘జాంబీని నిర్వచించుము’ బదులు పీఎస్ అవుట్‌పుట్ పది వరసలు ఇచ్చి, వెయిట్ మరిచిన పేరెంట్ ఏదో పీపీఐడి (పేరెంట్ ప్రాసెస్ నంబరు) కాలమ్ చూసి చెప్పమనండి.

- ఆపరేటింగ్ సిస్టమ్స్ బోధించే అధ్యాపకులు