'అ'తో మొదలయ్యే మందులు: అమ్మాయికి ఉత్తరం

చీమకుర్తి,
ఆదివారం.

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నాయనమ్మకు మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గింది, నిన్ను పదే పదే అడుగుతోంది.

మొన్న నువ్వు నెల్లూరు నుంచి ఫోను చేసి, గుండెకు వాడే అత్యవసర మందుల పాఠం ఎన్నిసార్లు చదివినా నిలవడం లేదనీ, అడ్రినలిన్, అట్రోపిన్, అడెనోసిన్, అమియోడరోన్, ఆస్పిరిన్ అన్నీ ఇంగ్లీషులో ఒకే అక్షరంతో మొదలవుతుండటం వల్ల పరీక్షలో ఒకదాని మోతాదు ఇంకొకదానికి రాసేశాననీ చెప్పి ఏడ్చావు. పోయిన మార్కుల గురించి నాకు చింత లేదు. రేపు నువ్వు అంబులెన్సులో అదే మందుల పెట్టె ముందు కూర్చుంటావు, ఆ పెట్టెలో కూడా ఈ యాంప్యూళ్ళు, అంటే మందు నింపిన చిన్న గాజు బుడ్లు, పక్కపక్కనే ఉంటాయి. అందుకే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్ళు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఫార్మసిస్టుగా పనిచేసిన వాడిని కనుక నాకు తెలిసినంత వరకు రాస్తున్నాను. మోతాదుల విషయంలో మీ ప్రోటోకాల్ పుస్తకమూ, ఫోనులో అనుమతి ఇచ్చే డాక్టరు గారి మాటా నీకు ప్రమాణం. ఆ మోతాదు ఎందుకో అర్థం కావడానికే ఈ ఉత్తరం.

నువ్వు పట్టికలో మందు పేరు నుంచి మొదలుపెట్టి కుడివైపుకు చదువుతున్నావు. ముందు గుండె దగ్గర మొదలుపెట్టు. మీ తాతయ్య దగ్గర ఒంగోలు జత ఉండేదని నీకు తెలుసు కదా. బండి తోలేటప్పుడు ఆయన ఒక చేతిలో పగ్గాలు, ఇంకో చేతిలో ముల్లుగర్ర పట్టుకునేవాడు. గుండెకు కూడా ఆ రెండూ ఉన్నాయి. వేగాన్ని తగ్గించే వేగస్ నాడి పగ్గం, వేగాన్ని పెంచే సింపథెటిక్ నాడులూ అడ్రినలిన్ కలిసి ముల్లుగర్ర. గుండె కుడివైపు పై గది అయిన కుడి కర్ణిక పైభాగంలోని సిరాకర్ణికా కణుపును ఎవరూ ముట్టకుండా వదిలేస్తే అది తనంతట తాను నిమిషానికి సుమారు 100 సార్లు కొడుతుంది. మనం తీరికగా కూర్చున్నప్పుడు నాడి 70 దగ్గర ఉంటుందంటే వేగస్ పగ్గాన్ని ఎప్పుడూ కొంత బిగించే ఉంచుతోందన్న మాట. ఆ కణుపులో పుట్టిన విద్యుత్తు కర్ణికలను దాటి కర్ణికాజఠరికా కణుపు దగ్గర దాదాపు సెకనులో పదో వంతు ఆగుతుంది. ఆ కాస్త ఆలస్యంలోనే కర్ణికలు తమ రక్తాన్ని కింది గదులైన జఠరికల్లోకి నెట్టేస్తాయి. అక్కడి నుంచి హిస్ కట్ట, పర్కింజీ తంతువుల ద్వారా విద్యుత్తు జఠరికలంతటా పాకుతుంది. ఒక్కో దెబ్బకు సుమారు 70 మిల్లీలీటర్ల చొప్పున నిమిషానికి 70 దెబ్బలంటే దాదాపు 5 లీటర్లు. వేగాన్నీ, ఒక్కో దెబ్బకు వెలువడే రక్తాన్నీ హెచ్చవేస్తే వచ్చే ఈ లెక్కను నీ పట్టిక పైన పెద్ద అక్షరాలతో రాసుకో. నువ్వు ఇచ్చే మందుల్లో చాలావరకు ఈ రెండింటిలో ఒకదాన్నో, ఆ రక్తం పోయే గొట్టాలనో మార్చడానికే పనికొస్తాయి.

ఇప్పుడు అట్రోపిన్ సంగతి. గుండె మీద అది చేసేది పగ్గాన్ని వదులు చేయడమే. గుండె మరీ నెమ్మదించి, రక్తపోటు పడిపోయి, మనిషి సోలిపోతుంటే 1 మిల్లీగ్రాము సిరలోకి ఇచ్చి, అవసరమైతే 3 నుంచి 5 నిమిషాలకు ఒకసారి మళ్ళీ ఇస్తూ, మొత్తం 3 మిల్లీగ్రాముల దగ్గర ఆపమని మీ పుస్తకంలో ఉంటుంది. అడ్డంకి హిస్ కట్టకు కింద ఉండి, ఈసీజీలో జఠరికల గీతలు వెడల్పుగా కనిపిస్తుంటే మాత్రం అట్రోపిన్ మీద ఆశ పెట్టుకోకూడదు. అక్కడిదాకా వేగస్ పగ్గం చేరదు, చేరని పగ్గాన్ని వదులు చేసి లాభం లేదు. అలాంటి రోగికి బయటి నుంచి విద్యుత్తుతో గుండెను కొట్టించే పేసింగూ, అడ్రినలిన్ డ్రిప్పూ కావాలి.

మన జిల్లాలో అట్రోపిన్ అంటే అందరికీ ముందు గుర్తొచ్చేది గుండె కాదు, పురుగుల మందు. పొగాకు, మిరప, పత్తి పండించే ఊళ్ళలో నా ఉద్యోగమంతా గడిచింది. అప్పులకు తాళలేక తాగినవాళ్ళూ ఉన్నారు, ఎండలో ఒంటి మీద చొక్కా లేకుండా మందు కొట్టి పడిపోయినవాళ్ళూ ఉన్నారు. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటి మందులు, వేగస్ నాడి తన ఆజ్ఞను అందించే రసాయనమైన ఎసిటైల్‌కోలిన్‌ను విడగొట్టే ఎంజైమును కట్టిపడేస్తాయి. దాంతో వేగస్ పగ్గాన్ని ఎవరో రెండు చేతులా లాగి పట్టుకున్నట్టు అవుతుంది. నాడి మందగిస్తుంది, ఒళ్ళంతా చెమట, నోటి వెంట చొంగ, కంటిపాపలు సూదిమొనలంత, అన్నిటికంటే ప్రమాదంగా ఊపిరితిత్తుల నిండా నీరు. ఇక్కడ 3 మిల్లీగ్రాముల హద్దు వర్తించదు. మా దగ్గర దొరికేవి 0.6 మిల్లీగ్రాముల యాంప్యూళ్ళు. డాక్టరు గారు మొదట మూడో, నాలుగో, అయిదో ఇచ్చి, ప్రతి అయిదు నిమిషాలకూ ఊపిరితిత్తులు విని, తడి తగ్గకపోతే మోతాదు రెట్టింపు చేసేవారు. ఒక రాత్రి నేను తెల్లవారేదాకా యాంప్యూళ్ళు విరుస్తూనే ఉన్నాను. నా బొటనవేలు తెగి గుడ్డ చుట్టుకున్నాను. తెల్లవారాక ట్రేలోని గాజుముక్కలు లెక్కపెడితే నూరు దాటాయి. ఆ కుర్రవాడు బతికాడు. గుండె వేగం పెరిగిందని భయపడి మధ్యలో ఆపి ఉంటే బతికేవాడు కాదు. ఇక్కడ చూడవలసిన గుర్తు ఊపిరితిత్తుల్లో తడి ఆరడం. కంటిపాప విచ్చుకోవడం కోసం ఎదురుచూడకూడదు. ఇంకొకటి, అట్రోపిన్ చెమటను కూడా ఆపేస్తుంది. మే నెలలో మన ఎండలకు రోగి ఒళ్ళు కాలిపోతూ, ఏదో మాట్లాడుతూ, గాలిలో చేతులు ఆడిస్తుంటే మందు ఎక్కువైందని గ్రహించాలి. ముట్టుకునే ముందు గ్లవ్స్ వేసుకో, అతని బట్టలు తీయించి ఒళ్ళు కడిగించు. ఆ విషం చర్మం గుండా నీకూ ఎక్కుతుంది.

ఒకే మందుకు ఒకచోట మూడు మిల్లీగ్రాముల హద్దు, ఇంకొకచోట హద్దే లేకపోవడం నిన్ను తికమక పెట్టింది కదా. పగ్గాన్ని ఎంత బలంగా లాగుతున్నారో దాన్నిబట్టే మోతాదు ఉంటుందని గుర్తుంచుకుంటే ఆ రెండు అంకెలూ విడివిడిగా కంఠస్థం చేయనక్కరలేదు.

దీనికి పూర్తిగా తలకిందులైనది తేలుకాటు. క్వారీల దగ్గర, రాళ్ళు కదిల్చే పనుల్లో ఎర్రతేలు కుట్టిన పిల్లల్ని నేను చూశాను. వాళ్ళకూ ఒళ్ళంతా చెమటే, వాంతులే, చొంగే. కొత్తవాళ్ళకు పురుగుల మందు లక్షణాల్లాగే కనిపిస్తుంది. కానీ చేతులూ కాళ్ళూ చల్లగా ఉంటాయి, కంటిపాపలు సాధారణంగా విచ్చుకుని ఉంటాయి, రక్తపోటు పైకి లేస్తుంది. అక్కడ పనిచేస్తున్నది ముల్లుగర్ర. విషం వల్ల ఒంట్లోని అడ్రినలిన్ వరదలా వచ్చి, రక్తనాళాలు బిగుసుకుని, గుండె అలసిపోయి, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. ఆ పిల్లవాడికి చెమట చూసి అట్రోపిన్ ఇస్తే మిగిలిన ఆ కాస్త పగ్గాన్నీ మన చేతులతో మనమే వదిలేసినట్టవుతుంది. మహారాష్ట్రలోని మహాడ్ అనే చిన్న ఊరిలో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ 1980ల నుంచి ప్రజోసిన్ అనే మాత్రతో ఈ బిగుసుకున్న నాళాలను వదులు చేసి ఎంతోమంది ప్రాణాలు నిలిపారు. పెద్ద పరికరాలేవీ లేనిచోట, రోగిని దగ్గర కూర్చుని గమనించి కనిపెట్టిన వైద్యం అది. నాకు ఆయనంటే ఎంతో గౌరవం.

అడ్రినలిన్ దగ్గర మాత్రం నా ఎద్దు పోలిక కొంతవరకే నడుస్తుంది. గుండె ఆగిపోయిన మనిషికి 1 మిల్లీగ్రాము సిరలోకి, 3 నుంచి 5 నిమిషాలకు ఒకసారి ఇస్తారు. పడిపోయిన ఎద్దును పొడిస్తే లేవదు. ఇక్కడ ఆ మందు చేసే ముఖ్యమైన పని రక్తనాళాలను బిగించడం. అలా బిగించడం వల్ల బృహద్ధమనిలో పీడనం నిలిచి, నువ్వు ఛాతీని నొక్కి వదిలిన ప్రతిసారీ గుండె సొంత ధమనుల్లోకి రక్తం వెళుతుంది. కనుక నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతుకు తగ్గకుండా నొక్కే చేతులు ఆగిపోతే సిరలో పోసిన మందు అక్కడే ఉండిపోతుంది. మందు ఇచ్చాక సెలైను 20 మిల్లీలీటర్లు తోసి చేయి పైకెత్తమనేది కూడా అందుకే. బ్రిటన్‌లో పారామెడిక్కులు ఎనిమిది వేలమందికి పైగా రోగులతో చేసిన పరిశోధన ఒకటి 2018లో వెలువడింది. అడ్రినలిన్ ఇచ్చినవారిలో నెల రోజుల తరువాత 3.2 శాతం, ఇవ్వనివారిలో 2.4 శాతం బతికి ఉన్నారు. మెదడు బాగా పనిచేస్తూ బయటపడిన వారి సంఖ్యలో మాత్రం చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. నెల్లూరు వైపు రొయ్యల చెరువుల దగ్గర నీటిలోకి గాలి పంపే ఏరేటరు కరెంటు కొట్టి పడిపోయిన వాడికి గుండె సాధారణంగా వణుకుతూ ఉంటుంది. అతనికి కావలసింది ముందు కరెంటు ఆపడం, తరువాత ఛాతీ నొక్కడం, వీలైనంత త్వరగా డీఫిబ్రిలేటర్ షాకు. అమియోడరోన్ వచ్చేది ఆ తరువాతే. మూడు షాకులకూ లొంగని వణుకుకు 300 మిల్లీగ్రాములు, ఇంకా లొంగకపోతే 150.

అదే అడ్రినలిన్, ఇంజెక్షన్ పడకో, కందిరీగ కుట్టో గొంతు వాచి, రక్తపోటు పడిపోయిన మనిషికైతే, పెద్దవాళ్ళకు 0.5 మిల్లీగ్రాము, తొడ బయటివైపు కండలోకి. కొట్టుకుంటున్న గుండెకు కంగారులో 1 మిల్లీగ్రాము సిరలోకి తోస్తే అది ముల్లుగర్ర కాదు, గునపం. యాంప్యూల్ మీద 1:1000 అని ఉంటే మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము, 1:10,000 అని ఉంటే 0.1 మిల్లీగ్రాము. ఈ ఒక్క సున్నా కోసం ప్రతిసారీ ఆగి చదువు. పైకి చదువు, పక్కన ఉన్న పైలట్‌కు, అంటే బండి డ్రైవరుకు, వినపడేలా చదువు.

అడెనోసిన్ తలచుకుంటే నాకు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొస్తారు. కండరానికి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీద 1920లలో హార్వర్డులో ఫిస్కేతో కలిసి పనిచేసిన మహానుభావుడు ఆయన. ఆ ఏటీపీలో మొదటి అక్షరం ఈ అడెనోసినే. అలసిన గుండెలో ఏటీపీ విడిపోతున్నకొద్దీ అడెనోసిన్ పోగై, నాళాలను వెడల్పు చేసి, కర్ణికాజఠరికా కణుపును నెమ్మదింపజేస్తుంది. గుండె తన కోసం తాను చేసుకునే ఆ ఏర్పాటునే మనం సూదితో చేస్తున్నాం. నాడి 180, 200 కొడుతుంటే జఠరికలు నిండేందుకు సమయం ఉండదు. గుండె తన రక్తాన్ని ఎక్కువగా అందుకునేది కూడా ఆ విశ్రాంతి సమయంలోనే. ముందు రోగిని సిరంజిలోకి ఊదించి కాళ్ళు పైకెత్తి చూసి, లొంగకపోతే మోచేతి దగ్గరి పెద్ద సిరలో 6 మిల్లీగ్రాములు ఒక్క తోపుతో, వెంటనే సెలైను. రక్తంలో దాని సగం ఆయుష్షు 10 సెకన్ల లోపే, అందుకే ఆ తొందర. మానిటర్ మీద గీత కొన్ని క్షణాలు చదునైపోతుంది, రోగికి ప్రాణం పోతున్నట్టు అనిపిస్తుంది. "కొద్ది క్షణాలు గుండె బిగపట్టినట్టు ఉంటుంది, వెంటనే తగ్గిపోతుంది, భయపడకండి" అని ముందుగా చెప్పడం మరచిపోకు. ఉబ్బసం ఉందా అని కూడా అడుగు.

ఆస్పిరిన్ గురించి నీకు ఎక్కువ చెప్పనక్కరలేదు. గుండెపోటు అనిపిస్తే 300 మిల్లీగ్రాముల మాత్రను నమిలించాలి. అది రక్తఫలకికలను (ప్లేట్‌లెట్లను) అవి బతికినంతకాలం, అంటే వారం పది రోజులు, అతుక్కోకుండా చేస్తుంది.

ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ గురించి మాత్రం చెప్పాలి, ఎందుకంటే తప్పు చేసింది నేనే. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, డాక్టరు గారు లేని పూట, ఛాతీ నొప్పితో ఒక పెద్దాయన వచ్చాడు. బీపీ చూడకుండానే నాలుక కింద మాత్ర పెట్టాను. రెండు మూడు నిమిషాల్లో ఆయన తెల్లబడి, బల్ల మీద నుంచి జారిపోయాడు. కాళ్ళు పైకెత్తి, సెలైను పెట్టి, జీపులో ఒంగోలు పంపాము. 108 బండ్లు రావడానికి ఎన్నో ఏళ్ళ ముందు మాట అది. గుండె కింది గోడకు వచ్చిన పోటు కుడి జఠరికకూ పాకిందని అక్కడ ఈసీజీలో తేలింది. అలాంటి గుండె సిరల నుంచి తిరిగి వచ్చే రక్తం మీదే ఆధారపడి నడుస్తుంది, నేను ఆ సిరలను వెడల్పు చేసి ఉన్న ఆధారం తీసేశాను. ఆయన బతికి, తరువాత నా కౌంటరు దగ్గరికే మందులకు వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ నాకు తల ఎత్తాలంటే కష్టమయ్యేది. పై బీపీ 90 కంటే తక్కువుంటే ఇవ్వవద్దు. కింది గోడ పోటైతే కుడివైపు లీడు పెట్టి చూడు. మగవాళ్ళు లైంగిక సమస్యకు వేసుకునే సిల్డెనాఫిల్ లాంటి మాత్రలు గత ఒకటి రెండు రోజుల్లో వేసుకున్నారా అని సిగ్గుపడకుండా అడుగు. ఇంటివాళ్ళ ముందు చెప్పడానికి సంకోచిస్తారు కనుక వాళ్ళను పక్కకు పంపి అడుగు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు మీ క్లాసులో ఇచ్చిన ఈసీజీ కాగితాలన్నీ తెచ్చుకో. చిన్న గడి 0.04 సెకన్లని గుర్తుపెట్టుకుని, వసారాలో కూర్చుని ఒక్కొక్కటే చూద్దాం. పగ్గమా, ముల్లుగర్రా, లేక దారిలోనే అడ్డంకా అని నువ్వు చెప్పు, నేను వింటాను. మందు పేరు ఆ తరువాత అడుగుతాను.

ఆశీస్సులతో,
నాన్న