రిటార్డ్, మోరాన్ అనే మాటలు ఎక్కడివో పిలకాయలకు చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మా అక్క కొడుక్కి పద్నాలుగేళ్లు. మాటలు ఆలస్యంగా వచ్చాయి, లెక్కలు ఇప్పటికీ నిదానమే, కానీ తిరుపతి నుంచి చిత్తూరుకు ఏ బస్సు ఎన్ని గంటలకో వాడికి నోటికొచ్చు. పోయిన వారం బడి నుంచి వచ్చి 'పిన్నీ, రిటార్డ్ అంటే ఏంది?' అన్నాడు. క్లాసులో వాణ్ని అదే పేరుతో పిలుస్తున్నారంట.

బడికెళ్లి అడిగితే, పిలకాయలు ఫోన్లో గేములాడుతూ నేర్చుకున్నారమ్మా, అర్థం తెలిసి అన్నది కాదు అన్నారు టీచరు. నిజమే అయ్యుంటుంది. తిక్కలోడా అంటే ఎంత తగుల్తుందో మన పిల్లలకు తెలుసు, అదే ఇంగ్లీషులో అంటే స్టైల్ అనుకుంటున్నారు.

'మోరాన్' అసలు తిట్టుగా పుట్టలేదు. 1910లో అమెరికాలో హెన్రీ గాడర్డ్ అనే సైకాలజిస్టు, తెలివితక్కువ అని అర్థం వచ్చే గ్రీకు మాటలోంచి దాన్ని తయారు చేశాడు. పెద్దయినా ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లల తెలివే ఉంటే మోరాన్, మూడు నుంచి ఏడేళ్లదైతే ఇంబెసైల్, అంతకన్నా తక్కువైతే ఇడియట్ అని పరీక్ష పెట్టి మరీ కాగితాల మీద రాసేవాళ్లు. మనం ఇంట్లో ముద్దుగా కూడా అనేసే ఇడియట్టే అది. ఆ ముద్ర పడినవాళ్లలో ఎంతోమందిని ఇంటికి దూరంగా హాస్టళ్లలాంటి చోట్ల బంధించి ఉంచారు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు. క్యారీ బక్ అనే అమ్మాయికి అలా ఆపరేషన్ చెయ్యొచ్చని 1927లో అక్కడి సుప్రీంకోర్టే తీర్పిచ్చింది. మూడు తరాల ఇంబెసైళ్లు చాలు అని జడ్జి హోమ్స్ ఆ తీర్పులోనే రాశాడు. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఆ పేర్లు తిట్లయిపోయాయని, వాటి బదులు కాస్త మర్యాదగా ఉంటుందని డాక్టర్లు వాడుకలోకి తెచ్చిందే 'మెంటల్ రిటార్డేషన్'. రిటార్డ్ అంటే నెమ్మదించడం, అంతే. దాన్నీ జనం తిట్టు చేసేస్తే 2010లో అమెరికా చట్టం చేసి మరీ తన కేంద్ర చట్టాలు కొన్నిటిలోంచి ఆ మాట తీసేసింది. రోసా అనే చిన్నపిల్ల పేరు పెట్టారు ఆ చట్టానికి. ఇంగ్లండులో, కండరాలు బిగుసుకుపోయే జబ్బున్నవాళ్లకు వాడిన 'స్పాస్టిక్' సంగతీ ఇంతే, ఆ పేరుతో ఉన్న పెద్ద సేవాసంస్థే 1994లో పేరు మార్చుకుంది. మన 2016 వికలాంగుల హక్కుల చట్టంలో కూడా వైకల్యం పేరుగా 'మెంటల్ రిటార్డేషన్' బదులు 'ఇంటెలెక్చువల్ డిజెబిలిటీ' అని పెట్టారు.

మీ పేపర్లో పిల్లల పేజీలో రోజుకొక ఇంగ్లీషు మాట, దాని అర్థం వేస్తారు కదా, ఒక వారం ఈ మాటలు వెయ్యండి, ఎక్కడ పుట్టాయో, ఎవరి మీద వాడారో కూడా రాయండి. సినిమా వార్తల హెడ్డింగుల్లో 'మెంటల్' అని పెట్టడం కూడా దయచేసి ఆపండి.

మీరు వేస్తే ఆ కటింగులు క్లాసు గోడకు అంటిస్తామని టీచరు ఒప్పుకున్నారు.

ఒక పాఠకురాలు,
బైరాగిపట్టెడ, తిరుపతి