2025–26 వార్షిక నివేదిక: పాత బట్టలకు చట్టంలో చోటు కోసం

సభ్యులందరికీ నమస్కారం.

బోరు మరమ్మతు, వీధి దీపాలు, సంక్రాంతి ముగ్గుల పోటీ వివరాలు ఎప్పటికప్పుడు నోటీసు బోర్డులో పెట్టాం కాబట్టి మళ్ళీ రాయడం లేదు. జమాఖర్చుల పట్టిక విడిగా ఇస్తున్నాం. ఈ నివేదికంతా పాత బట్టల గురించే. ఈ ఏడాది కార్యవర్గం ఎక్కువ సమయం పెట్టింది దానిమీదే. "ఈ బట్టల గొడవ మన కాలనీకి ఎందుకు?" అని అడిగిన సభ్యులకు జవాబు చెప్పాల్సిన బాధ్యత కూడా ఉంది.

మొదలైంది స్కూలు యూనిఫాంలతో. జూన్ 12న బడులు తెరిచేలోపు, పిల్లలకు పొట్టివైపోయిన యూనిఫాంలు కమ్యూనిటీ హాల్లో పెడితే కావలసినవాళ్ళు తీసుకెళ్తారని అనుకున్నాం. అది చక్కగా జరిగింది. కానీ యూనిఫాంలతో పాటు దుప్పట్లు, నైటీలు, జీన్సులు, చీరలు వచ్చి పడ్డాయి. ఒక ఆశ్రమాన్ని అడిగితే చిరిగినవి, వెలిసినవి వద్దన్నారు. వాళ్ళు అన్నది సబబే. మనకు పనికిరానిదాన్ని దానం అని పేరు పెట్టి ఇంకొకరి గుమ్మంలో పడేయకూడదు. చెత్త ఆటో అబ్బాయి బట్టలకు వేరే ఏర్పాటేమీ లేదని, వేస్తే అన్నిటితో కలిసి డంపింగ్ యార్డుకే పోతాయని చెప్పాడు. ఈలోగా జూలై వానలు. హాలు కిటికీ మూయడం మరిచాం. గుట్టంతా తడిసి ముక్కిపోయింది. చివరికి ఆ డంపింగ్ యార్డుకే పంపాల్సి వచ్చింది. ఆ తప్పు పూర్తిగా కార్యవర్గానిదే, మన్నించండి.

ఆ తర్వాతే అసలు పని తెలిసినవాళ్ళను పిలవాలని తోచింది. స్టీలు గిన్నెలిచ్చి పాత బట్టలు తీసుకెళ్ళే ఆమె మన వీధుల్లో ఏళ్ళుగా తిరుగుతున్నారు. ఆగస్టు మీటింగుకు ఆమెను పిలిచాం. కుర్చీ వేసినా కింద కూర్చుని, ఒక్కో బట్టనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూస్తూ పక్కకు వేశారు. రెండు చొక్కాల దగ్గర ఆగి, ఒక్కోదాని అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల గీశారు. మొదటి పోగు కాగితంలా కాలి బూడిదై రాలింది, అంటే నూలు. రెండోది ముడుచుకుపోయి నల్లపూసలా గట్టిపడింది, అంటే పాలిస్టరు కలిసింది. "ఇది నీళ్ళు గుంజదమ్మా. మెకానిక్ షెడ్లోళ్ళు తీస్కోరు" అన్నారు. ఆ రెండో చొక్కా కాలరు మీద కాటన్ అనే రాసి ఉంది!

మన ఇళ్ళలో బట్ట పారేయడం అనే మాటే ఉండేది కాదు. పాత చీరలు పొరలు పొరలుగా వేసి బొంత కుట్టేవాళ్ళు, చిరిగిన పంచె మసిగుడ్డ అయ్యేది. అప్పుడు బట్ట నూలుది. ఇప్పుడు నూలు, పాలిస్టరు, సాగే లైక్రా ఒకే గుడ్డలో కలిసిపోయి ఉంటున్నాయి. వాటిని విడదీయడం కష్టం, ఖర్చు. హర్యానాలోని పానిపట్‌లో పాత ఉన్ని బట్టలను రంగుల వారీగా వేరుచేసి, గుండీలు, జిప్పులు కోసి, చీల్చి మళ్ళీ దారం తీసి దుప్పట్లు నేస్తారు. రంగు ముందే కుదిరితే కొత్తగా అద్దకం అక్కర్లేదు. కానీ చీల్చిన ప్రతిసారీ పోగు పొట్టిదవుతుంది, అందుకే పాత చొక్కా నుంచి అంతే మంచి కొత్త చొక్కా రావడం అరుదు. మన దేశంలో ఏటా దాదాపు 78 లక్షల టన్నుల బట్టల వ్యర్థం పోగవుతోందని 2022లో ఒక అంచనా వచ్చింది. అందులో సుమారు సగం ఇళ్ళలో వాడి వదిలేసినవే. కాలనీలో ఒక పెట్టె పెట్టినంత మాత్రాన ఇది తీరదని మాకు అర్థమైంది అక్కడే. అందుకే అర్జీలు పట్టుకుని బయల్దేరాం.

ఒక ఆఫీసులో ఇది జౌళి శాఖ వాళ్ళది అన్నారు, అక్కడికెళ్తే చెత్త మున్సిపాలిటీదన్నారు, ఇంకో చోట కాలుష్యం వాళ్ళనడగమన్నారు. ఎవరినీ తప్పుపట్టడం లేదు, రూల్స్‌లో పాత బట్టలు అనే మాటే లేకపోతే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? మొన్న జనవరిలో కేంద్రం కొత్త ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు ఇచ్చింది. ఏప్రిల్ 1 నుంచి తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి అని నాలుగు రకాలుగా చెత్త వేరుచేయాలి. పొడి చెత్త అంటే ప్లాస్టిక్, కాగితం, లోహం, గాజు, చెక్క, రబ్బరు వగైరా అని చెప్పారు. బట్ట ఆ "వగైరా"లో ఉండిపోయింది.

మా అర్జీలో ముఖ్యంగా అడిగింది ఇదే: మున్సిపాలిటీ పెట్టుకునే స్థానిక నియమాల్లో (బైలాస్) "పాత బట్టలు" అని స్పష్టంగా రాయండి, నెలకో రోజు విడిగా తీసుకెళ్ళండి. చెత్త ఏరేవాళ్ళను గుర్తించి నమోదు చేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే ఉండేది, ఆ నమోదులో పాత బట్టలు కొనేవాళ్ళనూ చేర్చమని కోరాం. కేంద్రానికి రాసిన ఉత్తరంలో ఇంకో మాట ఉంది. ప్లాస్టిక్ ప్యాకింగ్, బ్యాటరీలు, టైర్లు, ఎలక్ట్రానిక్ వస్తువుల విషయంలో వాడకం అయ్యాక వాటిని ఏం చేయాలో చూసే బాధ్యత మన దేశంలో తయారీదారులకు ఉంది. బట్టలకు లేదు. ఫ్రాన్స్‌లో 2007 నుంచీ ఉంది. యూరోపియన్ యూనియన్‌లో 2025 జనవరి నుంచి పాత బట్టలు విడిగా సేకరించడం తప్పనిసరి, అక్టోబరులో వచ్చిన సవరణతో ఆ ఖర్చు కంపెనీలే భరించే పద్ధతి పెట్టడానికి సభ్య దేశాలకు 30 నెలల గడువిచ్చారు. కాలిఫోర్నియా 2024లోనే అలాంటి చట్టం చేసింది. అమ్మినవాళ్ళకు బాధ్యత ఉంటేనే లేబుల్ నిజం చెబుతుంది, గట్టి బట్ట వస్తుంది. మేం గట్టిగా నమ్మేది ఇదే.

ఇంతవరకు రాతపూర్వకంగా ఏ జవాబూ రాలేదు. సంతకాలు చేసిన ప్రతి ఇంటికీ కృతజ్ఞతలు. చేయనివాళ్ళు సర్వసభ్య సమావేశంలో చేయవచ్చు, అర్జీ మళ్ళీ ఇస్తాం.

హాలు వెనక గదికి కొత్త రేకు వేయించాం. ప్రతి నెలా రెండో ఆదివారం ఆ స్టీలు గిన్నెల ఆమె అక్కడికి వస్తారు. బట్టలు ఉతికి, బాగా ఎండబెట్టి తీసుకురండి. గుండీలు, జిప్పులు కత్తిరించకండి, వాటి సంగతి తను చూసుకుంటానన్నారు.

ఇట్లు,
కార్యదర్శి