షటిల్స్ ఇక్కణ్ణుంచి పంపను, అక్కడే కొను

కోపెన్‌హేగెన్
నవంబరు 9

తమ్ముడికి ఆశీస్సులు,

ఇక్కడ అందరం కులాసా. చలి మొదలైంది, సాయంత్రం నాలుగు దాటితే చీకటి. అమ్మకీ నాన్నకీ నమస్కారాలు చెప్పు.

పాప బ్యాడ్మింటన్‌కి పంపమన్న ఈక షటిల్స్ పంపడం లేదు. ఖర్చుకి వెనకాడి కాదు. ట్యూబు మూత మీద 76, 77, 78 అని ఒక అంకె ఉంటుంది చూడు, అది షటిల్ వేగం. గ్రెయిన్ల లెక్కలో బరువు నుంచి వచ్చిన అంకె. 77 గ్రెయిన్లంటే ఐదు గ్రాములు. చల్లగాలి చిక్కగా ఉండి షటిల్‌ని తొందరగా ఆపేస్తుంది కాబట్టి ఇక్కడి హాళ్ళలో చలికాలం 78 వాడతారు. అదే షటిల్ మన తెనాలి ఎండలో, పలచని గాలిలో, వెనక గీత దాటి పక్కింటి పిట్టగోడ ఎక్కుతుంది. మీకు 76 సరి, ఎండాకాలం 75. కొన్ని కంపెనీలు ఇదే లెక్కని 1 నుంచి 5 దాకా వేస్తాయి: 1 అంటే 75, 3 అంటే 77.

సరిపోయిందో లేదో నువ్వే చూసుకోవచ్చు. వెనక గీత మీద నిలబడి, కింద నుంచి పైకి, పక్క గీతకి సమాంతరంగా పూర్తి బలంతో కొట్టు. అవతలి వెనక గీతకి 53 సెంటీమీటర్ల నుంచి 99 సెంటీమీటర్ల లోపల పడితే ఆ రోజుకి ఆ షటిల్ సరైనది. పాప చేత కొట్టించకు, పిల్లల బలంతో ఈ లెక్క తేలదు.

అయినా ఇంటి వెనక ఖాళీ జాగాలో ఈక షటిల్ శుద్ధ దండగ. ఒకే పక్క రెక్క నుంచి తీసిన 16 ఈకలు, అందుకే అది గిరగిరా తిరుగుతూ తిన్నగా పోతుంది. ఒక్క ఈక విరిగినా ఊగిసలాట మొదలవుతుంది. ఇక బయట గాలికి చెప్పేదేముంది. ఇంటి దగ్గరికి నైలాన్‌వి కొను. వాటి మీద అంకె బదులు రంగు పట్టీ ఉంటుంది: ఆకుపచ్చ నెమ్మది, నీలం మధ్యరకం, ఎరుపు వేగం. మీకు ఆకుపచ్చ, దొరక్కపోతే నీలం. తరవాత అకాడమీలో ఈకవి కొనాల్సి వస్తే, ఆడే ముందురోజు రాత్రి ట్యూబు మూత తీసి ఈకల వైపు నుంచి కెటిల్ ఆవిరి ఐదారు సెకన్లు పట్టి, మూత పెట్టి నిలబెట్టు. ఈక మెత్తబడి తొందరగా విరగదు. కార్క్‌కి మాత్రం ఆవిరి తగలనివ్వకు.

కోర్టు సంగతి. మీటర్లలో 13.40, 6.10 అని చూసి కంగారుపడకు. అవన్నీ అడుగుల్లో పుట్టిన కొలతలు. పొడుగు 44 అడుగులు, వెడల్పు 20. సింగిల్స్‌కి వెడల్పు 17, అంటే రెండు పక్కలా అడుగున్నర లోపలికి ఇంకో గీత. నెట్ సరిగ్గా మధ్యలో, 22 అడుగుల దగ్గర. నెట్ నుంచి రెండు వైపులా ఆరున్నర అడుగులకి షార్ట్ సర్వీస్ గీత. వెనక గీత నుంచి రెండున్నర అడుగులు లోపలికి డబుల్స్ సర్వీస్ గీత. షార్ట్ సర్వీస్ గీత మధ్య నుంచి వెనకదాకా నిలువుగా ఒకటి. చుట్టూ కనీసం నాలుగడుగుల ఖాళీ వదులు, లేకపోతే పాప గోడకి గుద్దుకుంటుంది.

నాలుగు మూలలా మేకులు కొట్టి పురికొస కట్టు. ముగ్గు అప్పుడే వెయ్యకు. ముందు మూలకు మూల టేపు పట్టు: రెండు వైపులా 48 అడుగుల 4 అంగుళాలు రావాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వచ్చిందంటే పక్క కొలతలు ఎంత సరిగ్గా ఉన్నా కోర్టు ఒరిగిపోయినట్టే. మేస్త్రీ మూలమట్టం పెట్టి చూశానన్నా వినకు, 44 అడుగుల దూరంలో చిన్న తేడా అడుగవుతుంది. ముగ్గుపిండిలో కాస్త సున్నం కలిపి వేస్తే మంచుకి చెదరదు. గీత వెడల్పు నాలుగు సెంటీమీటర్లు, అంటే అంగుళంన్నర. గీత కోర్టులో భాగమే కాబట్టి పిండి పురికొసకి లోపలి వైపు పడాలి. షార్ట్ సర్వీస్ గీత దగ్గరే చాలామంది తప్పు చేస్తారు: అక్కడ పిండి పడాల్సింది తాడుకి నెట్ వైపు కాదు, అవతలి వైపు. అమ్మ చేత వేయించు. గీత తిన్నగా వస్తుంది, పైగా ఆవిడకి సరదా.

కోర్టు ఉత్తరం దక్షిణంగా పెట్టు, ఉదయం సాయంత్రం ఎండ కళ్ళలో పడదు. నెట్ స్తంభాల దగ్గర 5 అడుగుల ఒక అంగుళం, మధ్యలో 5 అడుగులు. స్తంభాలు డబుల్స్ పక్క గీతల మీదే పాతాలి. 5 అడుగులకి ఒక కర్ర కోసి పెట్టుకుని, ఆడే ముందు నెట్ మధ్యలో నిలబెట్టి చూడు. సాయంత్రానికి తాడు సాగి రెండంగుళాలు దిగుతుంది. ఆ దిగిన నెట్‌కి అలవాటుపడితే అసలు కోర్టులో సగం దెబ్బలు నెట్ పై అంచు పట్టీకి తగులుతాయి.

రాకెట్ కొనేటప్పుడు కొట్టువాడి మాట మీద బరువైనది, ముందుకి తూగేది తీసుకోకు. తొమ్మిదేళ్ళ పిల్లకి 5యూ చాలు, 75 నుంచి 79 గ్రాములు. 4యూ 80 నుంచి 84, 3యూ 85 నుంచి 89: యూ ముందు అంకె పెరిగితే బరువు తగ్గుతుంది. హ్యాండిల్ మీద జీ4, జీ5 అనే గుర్తులు కూడా చాలా రాకెట్లకి అంతే. అంకె పెద్దదైతే పిడి సన్నం. పాపకి జీ5. షాఫ్ట్ (పిడికీ తలకీ మధ్య సన్నటి కడ్డీ), తల కలిసేచోట విడిగా అతికిన ముక్క కనపడితే అది చవకరకం రాకెట్, వద్దు. తీగ బిగువు 18 నుంచి 20 పౌండ్లు మించొద్దు. 26, 28 అని గొప్పగా చెబుతారు. బిగువు పెరిగేకొద్దీ షటిల్ సరిగ్గా తగలాల్సిన చోటు కుంచించుకుపోతుంది, నడుమ నుంచి కాస్త పక్కకి తగిలినా చెయ్యి అదిరిపోతుంది. ఆ అదురు మోచేతికి మంచిది కాదు. తీగ తెగితే అదేరోజు మధ్యలోంచి మిగతా తీగలు కూడా కత్తిరించెయ్యి. ఒకవైపు బిగువు, ఒకవైపు వదులు ఉంటే చట్రం వంకరపోతుంది. ఎండలో కారులో రాకెట్ వదలొద్దు.

డబ్బు మిగిలితే బూట్ల మీద పెట్టు. పరుగు బూట్లు మడమ దగ్గర ఎత్తుగా, మెత్తగా ఉంటాయి. పక్కకి దూకినప్పుడు చీలమండ మడత పడేది వాటివల్లే. పలచని గమ్ రబ్బరు సోల్ ఉన్నవి అడుగు.

ఇక ఆట. అమలాపురం సాత్విక్ 2023లో జపాన్‌లో గంటకి 565 కిలోమీటర్ల స్మాష్ (పై నుంచి కిందికి బలంగా కొట్టే దెబ్బ) కొట్టి గిన్నిస్‌కెక్కాడు, ఆ వీడియో పాప చూసే ఉంటుంది. మొదటిరోజే అదే కొడతానంటుంది. కొట్టనివ్వకు. (2022 థామస్ కప్, అంటే మగవాళ్ళ జట్ల ప్రపంచ పోటీ, సెమీస్‌లో మనవాళ్ళు డెన్మార్క్‌ని 3-2తో ఓడించారు. ఇక్కడ ఆ మాట నేను ఎత్తను.)

ముందు పట్టు. రాకెట్ తలని నేలకి నిలువుగా పెట్టి, ఎవరికో చెయ్యి కలుపుతున్నట్టు పట్టుకోమను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వచ్చే వీ ఆకారం హ్యాండిల్ సన్నపక్క మీద పడాలి. అట్లకాడ పట్టినట్టు పడితే తల నేలకి పడుకుంటుంది. అలా దగ్గర షటిల్‌ని తట్టగలదు కానీ వెనక నుంచి జన్మలో పంపలేదు. కొత్త పిల్లల్లో సగానికి సగం అట్లకాడ పట్టే. వేళ్ళు వదులుగా ఉండి, తగిలే క్షణంలోనే బిగియాలి. బ్యాక్‌హ్యాండ్‌కి బొటనవేలు హ్యాండిల్ వెడల్పు పక్క మీద ఆనించాలి, అంతే తేడా.

తరవాత క్లియర్, ఎత్తుగా వెనక గీత దాకా పంపే దెబ్బ. షటిల్ లేవగానే పక్కకి తిరిగి ఎడమ భుజం నెట్ వైపు పెట్టాలి, ఎడమ చెయ్యి షటిల్‌ని చూపిస్తున్నట్టు పైకెత్తాలి. కుడి మోచెయ్యి భుజం ఎత్తున. కొట్టేటప్పుడు ముందు మోచెయ్యి లేచి, దాని వెనక ముంజేయి తాళం తిప్పినట్టు లోపలికి తిరగాలి. అందరూ మణికట్టు మణికట్టు అంటారు గానీ బలమంతా ఆ తిప్పడంలోనే ఉంది. తగలాల్సింది తల పైన, రవ్వంత ముందు, చెయ్యి చాచి ఉండగా. షటిల్ నడికోర్టులో పడుతోందంటే తల వెనక తగులుతోందన్నమాట. చేతిని తిట్టకు, కాళ్ళని వెనక్కి తొందరగా వెయ్యమను. జామచెట్టు కొమ్మకి దారంతో షటిల్ వేలాడదీసి, చెయ్యి పూర్తిగా చాస్తే అందే ఎత్తులో, రోజుకి యాభై దెబ్బలు కొట్టించు. ఇదే కదలికలో షటిల్‌ని ఇంకాస్త ముందు అందుకుని కిందికి దించితే స్మాష్, చివరి క్షణంలో వేగం తగ్గిస్తే డ్రాప్. క్లియర్ వస్తే మూడూ వచ్చినట్టే, అవతలివాడికి ఏది వస్తుందో తెలియదు కూడా.

నెట్ దగ్గర కుడికాలు మడమతో మొదలుపెట్టి చాపాలి, మోకాలు వేళ్ళ దిశలోనే ఉండాలి. సర్వీసులో షటిల్ మొత్తం 1.15 మీటర్ల కింద ఉండాలని నిబంధన. పాప ఎత్తుకి అది దాదాపు మెడ దాకా వస్తుంది, కాబట్టి ఇప్పుడు అడ్డు రాదు. అయినా నడుము దగ్గర నుంచే అలవాటు చెయ్యి. డబుల్స్ సర్వీస్ గడి పొట్టి, వెడల్పు. సింగిల్స్‌ది పొడుగు, సన్నం.

నాన్న వచ్చి బాల్ బ్యాడ్మింటన్ లెక్కలో చెయ్యంతా విసరమంటాడు. ఆ ఊలు బంతి పాతిక గ్రాముల పైనే, ఇది ఐదు గ్రాములు. నేనన్నానని చెప్పకుండా నువ్వే సర్దిచెప్పు.

ముగ్గు వేశాక మేడమీద నుంచి ఫోటో తీసి పంపు. కొత్త రాకెట్ హ్యాండిల్ మీది ప్లాస్టిక్ తొడుగు తీసెయ్యడం మరిచిపోకు, అదుంటే చెమటకి చేతిలోంచి జారిపోతుంది.

మీ అక్క