గేర్ల సైకిల్ కొనేముందు ఒకసారి చేత్తో ఎత్తి చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

సెలవులొచ్చాయంటే చాలు, మా బెజవాడలో సైకిల్ షాపుల ముందు లావు టైర్ల బళ్లు బారులు తీరతాయి. ముందు స్ప్రింగు, వెనక స్ప్రింగు, రెండు డిస్క్ బ్రేకులు, 21 గేర్లు, ఫ్రేము నిండా స్టిక్కర్లు, పైన ‘మౌంటెన్ బైక్ పది వేల లోపే’ అని బోర్డు. పిల్లలు అక్కడే ఆగిపోతారు, ఇంకో బండి వైపు చూడరు. రెండేళ్ల కిందట మా మేనల్లుడు ఇంటర్ పాసయ్యాడని అలాంటిదే ఒకటి 9,800 రూపాయలకు కొనిచ్చాను. ఆటోనగర్‌లో పాతికేళ్లుగా లేత్ మీద పనిచేస్తున్నవాణ్ణి, తర్వాత ఆ బండిని ఒక్కో ముక్కా విప్పాను కాబట్టి డబ్బు ఎక్కడ పెట్టారో, ఎక్కడ మిగుల్చుకున్నారో కళ్లారా చూశాను. అది మీ పాఠకులకు చెప్పాలని రాస్తున్నాను, కాస్త పొడుగైనా పూర్తిగా వేయండి.

ముందు జరిగింది చెప్తాను. బండి అట్టపెట్టెలో వచ్చింది, షాపులో కుర్రాడు పావుగంటలో బిగించి ఇచ్చేశాడు. సరిగ్గా మూడు వారాలకు మావాడు రామవరప్పాడు రింగు దాటుతుంటే ఎడమ పెడల్ ఊడి రోడ్డు మీద పడింది. వెనకాల లారీ లేదు కాబట్టి మోచేయి గీసుకుపోవడంతో సరిపోయింది. ‘మావయ్యా, పెడల్ బిగిద్దామంటే పట్టడం లేదు’ అని బండి తోసుకుంటూ నా షెడ్డుకే వచ్చాడు. పెడల్ బిగించే కడ్డీని, అదే క్రాంక్‌ను, ఊడదీసి లైటు కింద పెట్టి చూస్తే బెజ్జంలో మరలన్నీ చెక్కుకుపోయి ఉన్నాయి, అంచున తళతళలాడే అల్యూమినియం పొట్టు ఇంకా అంటుకునే ఉంది. సైకిల్‌కి కుడి పెడల్ మామూలు మర, ఎడమ పెడల్ తిరగమర. తొక్కుతుంటే వాటంతట అవి వదులవకుండా అలా చేస్తారు. ఇరుసు చివర ఎల్, ఆర్ అని అక్షరాలు కూడా కొట్టి ఉంటాయి. ఆ కుర్రాడు అవి చూడకుండా కుడిది ఎడమకు, ఎడమది కుడికి పెట్టి పొడుగు స్పానర్‌తో బలవంతంగా తిప్పేశాడు. ఇరుసు ఉక్కు, క్రాంక్ అల్యూమినియం, ఇక మెత్తనిదే కదా తెగేది. మా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు మొదటిరోజే చెప్తాం, ఏ బోల్టయినా ముందు వేళ్లతో మూడు చుట్లు వెళ్లాలి, వెళ్లకపోతే అది తప్పు బెజ్జమో తప్పు మరో అయుంటుంది, స్పానర్ ముట్టుకోవద్దు అని. ఆ పిల్లాడికి అది చెప్పినవాళ్లు లేరు. వాణ్ణి తప్పుపట్టను, నేర్పకుండా పనిలో పెట్టినవాళ్లదే తప్పు.

షాపుకు వెళ్తే బిల్లు చూపించారు. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని కింద అచ్చేసి ఉంది. ఆ మాట చూసి చాలామంది నోరు మూసుకుని ఇంటికొచ్చేస్తారు, అప్పుడు నేనూ అదే చేశాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోపు, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోపు తిరిగి ఇస్తే తీసుకోనని అనడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. అచ్చేసినంత మాత్రాన ఆ మాట చట్టమైపోదు. 1915కి ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ వాళ్లు ఫిర్యాదు రాసుకుంటారు. అందుకే బిల్లు లేకుండా కొనకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద, వాటి విడిభాగాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, ఆ తగ్గింపు మీదాకా వచ్చిందో లేదో తెలియాలన్నా బిల్లే ఆధారం.

ఇక బండి సంగతి. క్రాంక్ మార్చాక కూడా మావాడు బ్యారేజీ దాటి ఉండవల్లి దాకా వెళ్లొచ్చేసరికి వగర్చేవాడు. ఏమిటా అని స్క్రాప్ కాటా మీద పెట్టి తూచాను, 18 కిలోలు. అందులో సగం పాపం ఆ స్ప్రింగులదే. ఖరీదైన బళ్లలో సస్పెన్షన్ అంటే లోపల నూనె, గాలి ఉండి కుదుపును మింగేవి. ఈ ధరలో వచ్చేది ఉత్త స్ప్రింగు చుట్ట. తొక్కిన ప్రతిసారీ వెనక స్ప్రింగు నొక్కుకుని లేస్తుంది, చక్రానికి పోవాల్సిన బలం సీటు ఊగడానికి పోతుంది. ఫ్రేము మడతపడే చోట ఒక పిన్నూ, దాని చుట్టూ తొడిగే ప్లాస్టిక్ బుష్షూ ఉంటాయి, నాలుగు నెలలకే ఆ బుష్షు అరిగి వెనక చక్రం అటూ ఇటూ కదలడం మొదలైంది. కొత్తది ఎక్కడా దొరక్క గన్‌మెటల్‌తో నేనే ఒకటి తిప్పి వేశాను. చేతిలో లేత్ ఉంది కాబట్టి సరే, లేనివాళ్లు ఏం చేస్తారు? తొమ్మిది, పది వేల బండికి వెనక స్ప్రింగు వద్దే వద్దు. ముందు స్ప్రింగు కూడా లేకుండా మామూలు గట్టి ఫోర్క్‌తో, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల గొట్టంతో, వచ్చేది దొరికితే ఇంకా మంచిది. కాలవ గట్ల మీద గతుకులకు లావు టైర్లే చాలు, వాటిలో గాలి మరీ గట్టిగా కొట్టించకుండా టైరు పక్కన అచ్చేసిన అంకెలకు లోబడి కాస్త తగ్గించి ఉంచితే అదే సగం స్ప్రింగు పని చేస్తుంది.

అసలు ఈ రకం సైకిల్ పుట్టిందే స్ప్రింగుల్లేకుండా. 1970లలో అమెరికాలో, కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు పాత లావు టైర్ల సైకిళ్లు తక్కువకు కొనుక్కుని కొండ మీంచి మట్టి దారిలో కిందికి దూకించేవారు. కిందికొచ్చేసరికి వెనక చక్రం మధ్య ఉండే హబ్బులోని బ్రేకు వేడికి గ్రీజంతా మాడి పొగ అయ్యేదట, ప్రతిసారీ విప్పి మళ్లీ గ్రీజు నింపాల్సి వచ్చేదని ఆ దారికే ‘రీప్యాక్’ అని పేరొచ్చింది.

గేర్ల విషయంలో అందరూ అంకె అడుగుతారు. 21 అంటే ముందు మూడు పళ్లచక్రాలు, వెనక ఏడు, అంతే. వాటిలో చాలా కలయికలు ఒకదానికొకటి దగ్గరగానే ఉంటాయి. మన ఊరు చదును, ఫ్లైఓవర్లు ఎక్కడానికి ముందు ఒకటి, వెనక ఏడు ఉన్నా సరిపోతుంది. కొండపల్లి కోట దారో, గుంటూరు వాళ్లయితే కొండవీడు ఘాట్ రోడ్డో ఎక్కాలనుకుంటే అడగాల్సిన ప్రశ్న వేరే, వెనక అన్నిటికన్నా పెద్ద చక్రానికి ఎన్ని పళ్లు అని. 28 పళ్లకూ 34 పళ్లకూ మోకాళ్లకు చాలా తేడా తెలుస్తుంది. ఇంకో మాట, ఈ ధరలో వెనక ఉండేది ఎక్కువగా ఫ్రీవీల్ రకం, అంటే పళ్లచక్రాల గుత్తి హబ్బు మీద మరతో బిగించేది. అందులో కుడివైపు బేరింగు లోపలికి జరిగిపోయి ఇరుసు చివర చాలా పొడవున ఆసరా లేకుండా ఉంటుంది, బరువైన మనిషి గుంటల్లో తొక్కితే వంగుతుంది. కాసెట్ రకంలో, అంటే గుత్తిని హబ్బు మీదికి జారించి బిగించేదానిలో, బేరింగు బాగా బయటికి ఉంటుంది కాబట్టి ఆ బాధ తక్కువ. ఇంకో రెండు మూడు వేలు పెట్టగలిగితే రంగుకో డిస్కుకో కాదు, దీనికి పెట్టండి.

డిస్క్ బ్రేకులంటే పిల్లలకు మోజు. చవక రకం తీగ డిస్కుల్లో ఒక పక్క ప్యాడే కదులుతుంది, రెండోది ఎప్పటికప్పుడు చేత్తో సర్దుకోవాలి, సర్దకపోతే లీవర్ హ్యాండిల్‌కి తగిలేదాకా నొక్కినా ఆగదు. రిమ్మును రెండు పక్కలా పట్టుకునే వీ బ్రేకులు వీటికంటే నమ్మకం, రబ్బర్లు వీధి చివర షాపులో కూడా మార్చుకోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం సైజు, మన షాపుల్లో దాని మాట ఎవరూ ఎత్తరు. చక్రం 26, 27.5, 29 అని చెప్తారు గానీ అది చక్రం సైజు, మనిషి సైజు కాదు. ఫ్రేము సైజు వేరే ఉంటుంది. తొక్కే మనిషిని తీసుకెళ్లండి. నేను మావాణ్ణి తీసుకెళ్లలేదు, వాడికి ఆశ్చర్యంగా ఉండాలని ఒక్కణ్ణే వెళ్లి కొన్నాను, అది పెద్ద పొరపాటు. బూట్లతో బండికి రెండు పక్కలా కాళ్లు పెట్టి నిలబడితే పై గొట్టానికీ కాళ్ల సందుకూ మధ్య రెండంగుళాలన్నా ఖాళీ ఉండాలి. సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద పెడితే అది అడుగుకు వెళ్లినప్పుడు కాలు నిటారుగా రావాలి, అంత ఎత్తుకు సీటు గొట్టం గుర్తు దాటకుండా లేవాలి. ‘ఎదిగే పిల్లాడు కదండీ, పెద్దది తీసుకోండి’ అంటారు, వినకండి. చొక్కా అయితే మడుచుకోవచ్చు, బండిని మడవలేం. తర్వాత ఒక చేత్తో ఎత్తి చూడండి, పక్కన గట్టి ఫోర్క్ బండిని కూడా ఎత్తి చూడండి, మీకే తెలుస్తుంది. వీధి చివరిదాకా తొక్కనివ్వనంటే ఆ షాపులో కొనక్కర్లేదు.

తక్కువలో కావాలంటే సెకండ్ హ్యాండ్ మంచి దారి, కానీ బెజవాడలో ఒక జాగ్రత్త. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి, సైకిళ్లూ మునిగాయి. పైన తుడిచి చైనుకు నూనె రాస్తే కొత్తదానిలా కనిపిస్తుంది. సీటు గొట్టం పైకి లాగి లోపల టార్చి వేయండి, ఒండ్రు మట్టి ఎండి అట్టకట్టి ఉంటే తెలిసిపోతుంది. చైను పక్కకు తీసి పెడళ్లు ఉత్తగా తిప్పండి, చేతికి ఇసుక నలిగినట్టు తగిలితే బేరింగులు పోయినట్టే. పోయినా తప్పేం లేదు, అది మార్చే ఖర్చు ధరలో తగ్గించి అడగండి, నష్టపోయిన ఇంటివాళ్లను మరీ గీచి బేరమాడకండి.

డబ్బంతా బండికే పెట్టేయొద్దు. పన్నెండు వేలుంటే హెల్మెట్‌కు, వెనక ఎర్ర లైటుకు, తాళానికి, పంపుకు ఒక రెండు వేలు పక్కన పెట్టి మిగతాదానితో బండి చూసుకోండి. ట్యూబు వాల్వు మోటార్ సైకిల్ రకందైతే పెట్రోల్ బంకులో కూడా గాలి పట్టించుకోవచ్చు.

షాపుల వాళ్లకు నేను చేసే విన్నపం పెద్దదేం కాదు. బండికి వేలాడదీసే చీటీ మీద ధర పక్కనే బరువు, ఫ్రేము సైజు, వెనక పళ్ల లెక్క రాయండి. పెట్టె విప్పి బిగించే పిల్లలకు ఒక్క పూట కూర్చోబెట్టి పెడల్ మరలు, ఫోర్క్ ఏ వైపు తిరగాలో చూపించండి. మొన్ననే బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఒక అబ్బాయి ఫోర్క్ వెనక్కి తిరిగిన కొత్త బండి తొక్కుతూ కనిపించాడు, హ్యాండిల్ తిప్పితే చక్రం అతని బూటుకు తగులుతోంది. ఆపి చెప్పేలోపు పచ్చలైటు పడింది.

మావాడికి పోయిన దసరాకు గట్టి ఫోర్క్, వీ బ్రేకుల బండి కొన్నాం, ఈసారి వాడే కూర్చుని, ఎత్తి, తొక్కి చూసుకున్నాడు. కాటా మీద 14 కిలోలు తూగింది. ఆదివారాలు కొండపల్లి దాకా వెళ్లొస్తున్నాడు. మరలు పోయిన ఆ పాత క్రాంక్ నా లేత్ పక్కన మేకుకు వేలాడుతోంది, సైకిల్ కొనబోతున్నామని ఎవరొచ్చినా ముందు అది చేతికిచ్చి బెజ్జంలో వేలు పెట్టి చూడమంటున్నాను.

ఇట్లు,
ఒక లేత్ కార్మికుడు,
ఆటోనగర్, విజయవాడ