పక్కింటి పిల్లి పేరేంటి? విద్యాశాఖ మంత్రి గారికి ఒక లెక్కల టీచర్ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పిల్లలకు ఏఐని బాధ్యతగా వాడడం నేర్పడానికి మీ శాఖ ఒక యాప్ తయారు చేయిస్తోంది కదా, దాని నమూనాను పిల్లల చేత వాడించి చూసిన బడుల్లో మాదీ ఒకటి. అంతా అయ్యాక మాకొక ఫారం ఇచ్చారు. వాడడం సులువుగా ఉందా, రంగులు బాగున్నాయా, 5 నక్షత్రాలకు ఎన్ని ఇస్తారు అని అడిగారు. నేను చెప్పాలనుకున్నది ఆ గడుల్లో పట్టలేదు.

ఆ రోజు ఏం జరిగిందో ముందు చెబుతాను. యాప్ తెరవగానే నాలుగు పేజీల నియమాలు వచ్చాయి. ఏఐని గుడ్డిగా నమ్మరాదు, సొంత వివరాలు ఇవ్వరాదు, కాపీ కొట్టరాదు. పిల్లలు వాటిని వేలితో సర్రున పైకి తోసేసి ‘అంగీకరిస్తున్నాను’ నొక్కారు. తర్వాత క్విజ్. ఎనిమిదో తరగతి కుర్రాడొకడు రెండు నిమిషాల్లో ఇరవైకి ఇరవై తెచ్చుకున్నాడు. తెరమీద రంగు కాగితాలు ఎగిరాయి, సర్టిఫికెట్ వచ్చింది. “ఇంత తొందరగా ఎలా చదివావురా?” అని అడిగితే, “చదవలేదు టీచర్. నాలుగు ఆప్షన్లలో ఏది పొడుగ్గా ఉంటే అదే కరెక్ట్” అన్నాడు. నేనూ చూశాను. ఇరవైలో ఒక్కటి కూడా తప్పలేదు.

వాడిని తిట్టబుద్ధి కాలేదు. ప్రశ్నలు రాసినవాళ్ల అలవాటును పసిగట్టాడు, అది తెలివే. ఆ తెలివిని ఏఐ మీదకి మళ్లించడానికే ఈ యాప్ పుట్టింది. కానీ అది వాడి చేతిలో కాగితం పెట్టి ఇంటికి పంపేసింది.

అదే కుర్రాడు ఆ వారంలోనే ఒక హోంవర్క్ లెక్క చేసుకొచ్చాడు. వృత్తం వ్యాసం 14 సెంటీమీటర్లు, వైశాల్యం ఎంత? పుస్తకాన్ని ఫొటో తీసి చాట్‌బాట్‌కి ఇచ్చాడు. అది వ్యాసాన్ని వ్యాసార్థంగా తీసుకుని 616 చదరపు సెంటీమీటర్లని చెప్పింది. మెట్టు మెట్టుగా ముచ్చటగా చేసింది, ఒక్క గుణకారం తప్పులేదు. వాడూ ముచ్చటగా దించుకొచ్చాడు. నేను తప్పని చెప్పకుండా బోర్డు మీద 14 సెంటీమీటర్ల చతురస్రం గీసి, ఆ వృత్తాన్ని అందులో కూర్చోబెట్టాను. చతురస్రం వైశాల్యం 196. దాని లోపల కూర్చున్నది 616 ఎలా అవుతుంది? అందరూ నవ్వారు, వాడు తప్ప. వాడు ఇంటికెళ్లి దానితో తగువు పెట్టుకున్నాడు. మర్నాడు వచ్చి, “తప్పని చెప్పగానే సారీ చెప్పి 154 అంది టీచర్. చూద్దామని అది కూడా తప్పే అన్నాను. దానికీ సారీ చెప్పింది!” అన్నాడు.

నాలుగు పేజీల నియమాలు నేర్పలేనిది వాడికి ఆ సాయంత్రం వచ్చేసింది. యాప్ చేయాల్సిన పని కూడా ఇదేనని నా అభిప్రాయం. పిల్లవాడి చేతికి ఒక జవాబు ఇవ్వాలి, దాన్ని వాడే కొలిచి చూసుకునే దారి చూపించాలి. యాప్‌లో మిగతా ఏది ఉన్నా లేకపోయినా ఇది ఉండాలి. నమూనాలో ఇది తప్ప అన్నీ ఉన్నాయి.

క్లాసులో నేనొక ఆట కూడా ఆడించాను. నేను వాక్యం మొదలుపెడితే తర్వాతి మాట వాళ్లు చెప్పాలి. చెప్పకుండా ఉండకూడదు, ఆటకు ఉన్న నియమం అదొక్కటే. “సూర్యుడు తూర్పున” అన్నాను. “ఉదయిస్తాడు” అన్నారు. “నీళ్లు 100 డిగ్రీల దగ్గర” అంటే “మరుగుతాయి” అన్నారు. “మా పక్కింటి పిల్లి పేరు” అన్నాను. ఒక్క క్షణం ఆగారు. ఆ తర్వాత చింటూ, రాణి, బ్లాకీ, టైగర్ అని తలా ఒకటి అరిచారు.

మా పక్కింట్లో పిల్లి లేదు.

చాట్‌బాట్ వెనక ఉండే భాషా మోడల్ చేసే పని మూలంలో ఇదేనని అప్పుడు చెప్పాను. లెక్కలేనన్ని వాక్యాలను జల్లెడ పట్టి, ఏ ముక్క తర్వాత ఏ ముక్క రావడానికి అవకాశం ఎక్కువో అది పట్టుకుంటుంది. ఒక్కో ముక్కే పేర్చుకుంటూ పోతుంది. సూర్యుడి గురించి ఏ గొంతుతో చెబుతుందో పిల్లి గురించీ అదే గొంతుతో చెబుతుంది. ఇప్పుడు వస్తున్నవి ఇంటర్నెట్‌లో వెతికి చూసుకుంటాయి, ఒక్కోసారి తెలియదని కూడా ఒప్పుకుంటాయి. తెలియకపోయినా ఒప్పుకోని సందర్భంతోనే చిక్కంతా. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లకు 5,000 డాలర్ల జరిమానా పడింది. చాట్‌జీపీటీ అల్లిన తీర్పులను నిజమనుకుని కోర్టుకు ఇచ్చారు, తర్వాత కూడా వాటినే పట్టుకుని వేలాడారు. వాళ్లలో ఒకాయన అందులోని ఒక కేసు నిజమైనదేనా అని దాన్నే అడిగారట. నిజమైనదేనని చెప్పింది. చదువుకున్న లాయరే ఆ సాక్షి మాటకు అదే సాక్షిని జామీను అడిగితే, పదమూడేళ్ల పిల్లవాడు అడగడా?

కాబట్టి యాప్‌లో జవాబులు కొన్ని తప్పువి ఉండాలి, కొన్ని ఒప్పువి కూడా ఉండాలి. ఈ రెండో మాట మా మీటింగులో చెబితే కొందరికి వింతగా అనిపించింది. అన్నీ తప్పులే పెడితే పిల్లలు రెండు రోజుల్లో ‘ఏది వచ్చినా తప్పే’ అనడం అలవాటు చేసుకుంటారు. అన్నీ నమ్మేవాడిలాగే అన్నిటినీ కొట్టిపారేసేవాడు కూడా ఏదీ సరిచూడడు. తప్పో ఒప్పో చెప్పినందుకు మార్కులివ్వొద్దు. ఎక్కడ సరిచూశావు, ఎలా చూశావు అన్నదానికి ఇవ్వండి. చతురస్రం గీశాడా, పాఠ్యపుస్తకం తీశాడా, తెలిసినవాళ్లను అడిగాడా, లేక దాన్నే మళ్లీ అడిగాడా? చివరిదానికి సున్నా.

అసలు ఏఐని బళ్లలోకి రానివ్వకపోతే పోలా అనేవాళ్లకు కూడా ఒక ముక్క చెప్పాలి. టర్కీలో ఒక హైస్కూల్లో దాదాపు వెయ్యిమంది పిల్లలతో లెక్కల మీద ఒక ప్రయోగం చేశారు. దాని ఫలితాలు 2025లో అచ్చయ్యాయి. మామూలు చాట్‌బాట్ ఇచ్చిన పిల్లలు సాధన చేసేటప్పుడు 48 శాతం మెరుగ్గా చేశారు. దాన్ని తీసేసి పరీక్ష పెడితే, ఏఐ మొహమే చూడనివాళ్ల కంటే 17 శాతం వెనకబడ్డారు. ఇంకో గుంపుకి జవాబు నేరుగా చెప్పకుండా, టీచర్లు తయారుచేసిన సూచనలను ఒక్కొక్కటిగా అందించేలా మలిచిన బాట్ ఇచ్చారు. వాళ్లకు ఆ నష్టం దాదాపు లేదు. యంత్రం రెండింటిలోనూ ఒకటే, మలిచిన తీరులోనే తేడా అంతా. మీ యాప్ కూడా పిల్లవాడు తన అంచనా రాసేదాకా జవాబు చూపించకూడదు. చెత్త అంచనా రాసినా ఫరవాలేదు, రాయాలి. ‘196 కంటే తక్కువ ఉండాలి’ అని రాసినవాడు 616ని చూడగానే ఉలిక్కిపడతాడు.

ఇక నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టిన విషయం. పదో తరగతి అమ్మాయి ఒకతె స్నేహితురాలి గురించి దిగులు పడుతోంది. ఆ పిల్ల సరిగ్గా తినట్లేదు, ఇంట్లో ఏవో గొడవలు, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని ఈమెకు చెప్పుకుంది. ఏం చెప్పి ఓదార్చాలో తెలియక ఈమె వాళ్లిద్దరి చాట్ అంతా, పేర్లతో సహా, చాట్‌బాట్‌లో పెట్టి సలహా అడిగింది. నాకు తెలిసి అడిగితే కళ్లు పెద్దవి చేసి, “నేనెవరికీ చెప్పలేదు టీచర్. ఏఐకే కదా చెప్పింది” అంది. నిజంగానే అలా అనుకుంది. తన వివరాలు ఇవ్వకూడదని ఆమెకు తెలుసు, క్విజ్‌లో కూడా సరిగ్గానే పెట్టింది. ఎదుటివాళ్ల వివరాలు కూడా ఇవ్వకూడదని ఎవరూ చెప్పలేదు. అది కంపెనీ సర్వర్‌కి వెళ్తుందని, అక్కడ దాచుకునే వీలుందని, కొన్నిచోట్ల మోడల్‌కి శిక్షణ ఇవ్వడానికీ వాడతారని ఆమెకు ఊహకైనా రాలేదు. పేర్లు తీసేసి, విషయాన్ని రెండు వాక్యాల్లో కుదించి అడగడం ఎలాగో యాప్‌లో చేయించి చూపాలి. ఇలాంటిది అసలు యంత్రాన్ని అడగాలా, నమ్మకమైన పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లాలా అన్న ప్రశ్న కూడా అక్కడే రావాలి. తోటివాళ్ల ఫొటోలను ఏఐతో మార్చి ఏడిపించడం గురించి నమూనాలో ఊసే లేదు. అది కలపండి, జరిగితే ఎవరికి చెప్పుకోవాలో కూడా కలపండి.

‘ఏఐకే కదా’ అన్న మాట నా మనసులోంచి పోలేదు. 1966లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వైజన్‌బామ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, మనుషులతో మాట్లాడే ఎలైజా అనే ప్రోగ్రాం గురించి ప్రపంచానికి చెప్పారు. మనం అన్న మాటలనే తిప్పి ప్రశ్నలుగా అడగడం తప్ప అది పెద్దగా చేసేదేమీ లేదు. అయినా ఆయన సెక్రటరీ దానితో మాట్లాడుతూ, కాసేపు గది బయటికి వెళ్లమని ఆయన్నే అడిగిందట. దాన్ని ఆయన తయారు చేయడం కళ్లారా చూసిన మనిషి ఆవిడ! అలాంటప్పుడు మీ నమూనాలో పెద్ద పెద్ద కళ్ల రోబో బొమ్మ ఎందుకు? రెండు రోజులు యాప్ తెరవకపోతే అది ‘నిన్ను మిస్సయ్యాను’ అని మెసేజ్ పంపుతోంది. వరసగా ఎన్ని రోజులు తెరిచారో లెక్కపెట్టి మంట బొమ్మ చూపిస్తోంది. ఆరో తరగతి పాప ఒకతె జ్వరంతో ఉండి కూడా మంట ఆరిపోతుందని టెన్షన్ పడి రాత్రి ఫోన్ అడిగిందని వాళ్లమ్మ చెప్పింది. తెరకు అతుక్కుపోవద్దని చెప్పే పాఠం ఆ యాప్‌లోనే మూడోది.

చిన్న తరగతుల గురించి ఒక్క మాట. చాట్‌బాట్‌లతో పిల్లలు సొంతంగా మాట్లాడడానికి కనీస వయసు 13 ఉండాలని యునెస్కో 2023లో సూచించింది. అంతకంటే చిన్నవాళ్ల భాగంలో అసలు చాట్‌బాట్ పెట్టకండి. ముందే రాసి పెట్టిన సంభాషణలు చాలు. అవైతే ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తాయి, ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోన్ ఉన్న పిల్లలకు క్లాసులో కాగితం మీద కూడా చేయించొచ్చు. యాప్‌ని పొగిడేవాళ్లకు ఇది నచ్చకపోవచ్చు గానీ, దానిలో నాకు నచ్చిన పాఠాలన్నీ కాగితం మీద కూడా నడిచేవే.

టీచర్ల కోసం పెట్టిన డాష్‌బోర్డులో ‘ఇది ఏఐ రాసిందా?’ అని తేల్చే బటన్ ఉంది. దయచేసి తీసేయించండి. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐనే ఏఐ రాతను పసిగట్టే తన పరికరాన్ని సరిగ్గా తేల్చలేకపోతోందని 2023 జులైలో ఆపేసింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అలాంటి 7 పరికరాలను పరీక్షిస్తే, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు సొంతంగా రాసిన వ్యాసాల్లో సగటున సగానికి పైగా ఏఐ రాసినవేనని అన్నాయి. కష్టపడి రాసిన పిల్లను దొంగ అన్నాక, ఆ పిల్ల మళ్లీ కష్టపడుతుందా? నేనైతే ప్రాజెక్టు చివర రెండు గడులు గీయించి రాయిస్తున్నాను: ‘అది ఏం చేసింది’, ‘నేను ఏం చేశాను’. మొదట్లో రెండో గడిలో ‘టైప్ చేశాను’ అని రాసేవాళ్లు. ఇప్పుడు కొందరు ‘మూడో పేరా నమ్మలేదు, లైబ్రరీలో చూసి మార్చాను’ అని రాస్తున్నారు. నిజం రాసినందుకు మార్కులు తగ్గించనని మాటిచ్చాను, ఆ మాట తప్పలేదు. అందుకే రాస్తున్నారు. ఆ బటన్ స్థానంలో ఈ రెండు గడులు పెట్టించండి.

నమూనా మొదటిసారి తెరిచినప్పుడు లొకేషన్, మైకు, కెమెరా అన్నీ అడిగింది. ఏది ఎందుకో చెప్పలేదు. క్విజ్‌కి నా విద్యార్థి ఎక్కడున్నాడో ఎందుకు తెలియాలి? ఆ ఒక్క తెరనే పాఠంగా మార్చొచ్చు: ‘మేము నీ లొకేషన్ అడుగుతున్నాం. ఇవ్వాలా?’ వద్దన్న పిల్లలకు యాప్ మామూలుగా పనిచేయాలి.

ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారు, ఎన్ని నిమిషాలు వాడారు అన్న లెక్కలు రేపు మీ టేబుల్ మీదకి వస్తాయి. వాటితో పాటు ఇంకోటి అడగండి. యాప్ వాడిన మూడు నెలల తర్వాత, ముందు చెప్పకుండా, కాగితం మీద పది జవాబులు రాసి పిల్లలకు సరిచూడమని ఇవ్వమనండి. అందులో కొన్ని 616లు ఉండాలి. ఎంతమంది పక్కన చతురస్రం గీశారో లెక్కపెట్టమనండి.

వీలైతే మీరే ఒక పీరియడ్ వచ్చి క్లాసులో వెనక బెంచీలో కూర్చోండి. ముందుగా కబురు పెట్టక్కర్లేదు, క్లాసు ఎలా ఉంటే అలాగే చూడండి. పిల్లలు మిమ్మల్ని కూడా ఆటలోకి లాగుతారు. పక్కింటి పిల్లి పేరు అడిగితే ఏం చెప్పాలో ఇప్పుడు మీకు తెలుసు కదా.

ఇట్లు
ఒక లెక్కల టీచర్